ఆయిల్ సంపు దించి స్ట్రైనరును ఇంటి దగ్గరే శుభ్రం చేసుకోవచ్చా? (డీజిల్ కారు, రాజోలు)

రాజోలు_దీవి:

అందరికీ నమస్కారం. నా దగ్గర పదకొండేళ్ల నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కారు ఉంది. సెకండ్ హ్యాండులో కొన్నాను. మీటరు మీద లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. నా చేతికి వచ్చాక ఇంజన్ ఆయిల్, ఫిల్టరు సమయానికి మారుస్తూనే ఉన్నాను గానీ, అంతకు ముందు యజమాని ఏ ఆయిల్ పోయించారో, ఎన్ని వేలకొకసారి మార్పించారో చెప్పే సర్వీసు పుస్తకం నాకు రాలేదు. కారు ఎక్కువగా ఇంటి నుంచి రొయ్యల చెరువుల మీదికి, అక్కడి నుంచి మలికిపురం బజారుకు తిరుగుతుంది. అన్నీ దగ్గర దూరాలే కనుక ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపేయవలసి వస్తుంది.

ఈ మధ్య చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు కాస్త వేగంగా వెళ్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగి ఆరిపోతోంది. పక్కకు తీసి, ఇంజను ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఉదయం మొదటిసారి స్టార్టు చేయగానే కొన్ని క్షణాలు ట్యాపెట్ల చప్పుడు కూడా వస్తోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఫుల్ గీత దగ్గరే ఉంది. ఒక షెడ్డులో బేరింగులు పోయాయని, ఇంజను దించాలని చెప్పారు. ఇంకొకరు ప్రెషర్ స్విచ్ మారిస్తే సరిపోతుందన్నారు. స్విచ్ మార్పించినా తేడా లేదు. మూడో ఆయన మాత్రం సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపల స్ట్రైనరు (ఆయిల్‌ను వడగట్టే జాలీ) మూసుకుపోయి ఉంటుందని అనుమానించారు.

చెరువుల మీద డీజిల్ ఇంజన్లు విప్పి బిగించే అలవాటు నాకు ఉంది. ఇంట్లో సిమెంటు గచ్చు, పానాల సెట్టు ఉన్నాయి. ఈ పని సొంతంగా చేసుకోవచ్చా, చేసుకుంటే ఎక్కడ జాగ్రత్త పడాలి, అసలు తప్పు స్ట్రైనరుదేనని సంపు విప్పక ముందే తేల్చుకునే మార్గం ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పాత_పిస్టన్:

రాజోలు_దీవి గారూ, మీరు రాసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది దీపం ఎప్పుడు వెలుగుతోందన్న వివరం. బేరింగులు అరిగిన ఇంజనులో ఆయిల్ ఆ సందుల గుండా జారిపోతుంది కనుక, ఇంజను బాగా కాగిన తరువాత, ఐడిలింగులో పంపు నెమ్మదిగా తిరిగేటప్పుడు దీపం మిణుకుమంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది. మీ కారులో దీనికి తలకిందులుగా జరుగుతోంది. వేగం పెరిగినకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ అడుగుతుంది, దారి మూసుకుపోయిన జాలీ అంత ఇవ్వలేదు. ఆపి కాసేపాగితే బాగవుతోందంటే, పీల్పు బలానికి జాలీకి అతుక్కున్న చెత్త ఆ పీల్పు ఆగగానే కొంత కిందికి రాలుతోందని అర్థం చేసుకోవచ్చు. లక్షణం స్ట్రైనరు వైపే వేలు చూపిస్తోంది గానీ, రుజువు ఇంకా కాలేదు.

ఫిల్టరుకూ స్ట్రైనరుకూ ఉన్న తేడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఫిల్టరు పంపుకు తరువాత ఉంటుంది. పంపు తన బలంతో ఆయిల్‌ను దాని గుండా నెడుతుంది, ఫిల్టరు మూసుకుపోయినా బైపాస్ వాల్వు తెరుచుకుని ఆయిల్ ఎలాగో ఒకలా ఇంజనుకు చేరుతుంది. స్ట్రైనరు పంపుకు ముందు, సంపు అడుగున ఉంటుంది. అక్కడ ఆయిల్‌ను గొట్టంలోకి తోసేది సంపులోని గాలి పీడనం ఒక్కటే, అది ఇంచుమించు ఒక బారు (బారు అంటే పీడనం కొలత). చెరువు మీద ఫుట్‌వాల్వు జాలీకి నాచు పడితే పైన ఎన్ని హార్స్‌పవర్ల ఇంజను ఉన్నా నీళ్లు రావు, సక్షన్ పైపు జాయింటులో సన్నటి గాలి తీసుకున్నా రావు. కారులోనూ ఈ రెండు జబ్బులే. ఒకటి జాలీ మూసుకుపోవడం, రెండోది జాలీ నుంచి ఆయిల్ తీసుకెళ్లే పికప్ గొట్టం పంపుకు కలిసే చోట రబ్బరు ఓ-రింగు గట్టిపడి గాలి పీల్చడం. రెండోదాన్ని చాలామంది చూడరు. జాలీ తళతళలాడేట్టు కడిగి, పాత ఓ-రింగుతోనే బిగించి, దీపం మళ్లీ వెలిగిందని తల పట్టుకుంటారు.

సంపు విప్పక ముందు మెకానికల్ ప్రెషర్ గేజీ పెట్టి చూడండి. స్విచ్ విప్పి ఆ మరలోనే గేజీ గొట్టం బిగించాలి. మర సైజు కారును బట్టి మారుతుంది కనుక అడాప్టర్లతో కూడిన సెట్టు తీసుకోండి. చాలా ఇంజన్లలో వేడి మీద ఐడిలింగులో ఒక బారుకు పైన, నిమిషానికి 3000 చుట్ల దగ్గర మూడు బార్లు లేదా ఆ పైన ఉంటుంది. మీ కారు మాన్యువల్లో రాసిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. అదే వేగం పట్టి ఉంచినప్పుడు ముల్లు ముందు లేచి, తరువాత మెల్లగా జారిపోతుంటే జాలీని అనుమానించాలి. ముల్లు ఒక చోట నిలవకుండా వణుకుతుంటే గాలిని అనుమానించాలి. వేడెక్కినకొద్దీ అన్ని వేగాల్లోనూ తక్కువగానే ఉంటే బేరింగుల మాట నిజం కావచ్చు.

ఎర్ర దీపం గురించి ఒక మాట. ఆ స్విచ్ చాలా కార్లలో సుమారు 0.3 నుంచి 0.5 బారు మధ్య పనిచేస్తుంది. కనుక దీపం వెలిగిందంటే ప్రెషర్ తగ్గుతోందని కాదు, దాదాపు లేదని. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ పలుచటి ఆయిల్ పొర మీదే తేలుతుంది, ఆ పొర లేని కొద్ది క్షణాలే అది పాడవడానికి చాలు. పని పూర్తయ్యేదాకా పాలకొల్లు ప్రయాణాలు మానుకోవడం మంచిది.

గోదారి_టర్బో:

ఇంత శ్రమ ఎందుకండీ? ఇంజన్ ఫ్లష్ డబ్బా ఒకటి పోసి, పది నిమిషాలు ఐడిలింగులో ఉంచి, ఆయిల్ దించేస్తే లోపలి మడ్డి అంతా కరిగి వచ్చేస్తుంది కదా.

పాత_పిస్టన్:

శుభ్రంగా ఉన్న ఇంజనులో ఫ్లష్ పోస్తే నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు. చరిత్ర తెలియని, ఇప్పటికే ప్రెషర్ తప్పుతున్న ఇంజనులో పోస్తే మడ్డి కరగడానికి ముందు పెళ్లలుగా ఊడుతుంది. ఊడిన పెళ్ల సంపు అడుగుకు జారి నేరుగా జాలీ మీదికే చేరుతుంది. స్ట్రైనరు సగం మూసుకున్న కారును పూర్తిగా మూసుకున్న కారుగా మార్చడానికి అంతకంటే దగ్గర దారి లేదు. వీరి విషయంలో నేను ఒప్పుకోను.

ఏటిగట్టు_బాట:

విప్పక ముందు చూడవలసినవి ఇంకో రెండున్నాయి. మొదటిది సంపు అడుగు. మన ఏటిగట్ల మీద, చెరువు గట్ల మీద ట్రాక్టరు చాళ్ల మధ్య మిట్టకు సంపు తగలడం మామూలే. ఇనుప రేకు సంపు పగలదు, లోపలికి సొట్ట పడుతుంది. స్ట్రైనరు మూతికీ సంపు అడుగుకూ మధ్య ఉండే సందు కొద్ది మిల్లీమీటర్లే కనుక సొట్ట సరిగ్గా దాని కిందే పడితే, జాలీ ఎంత శుభ్రంగా ఉన్నా ఆయిల్ అందదు. అల్యూమినియం సంపు అయితే సొట్టకు బదులు బీట వారుతుంది, అది కారుడు వల్ల ఎలాగూ తెలుస్తుంది.

రెండోది వరద. 2022 జూలై వరదలో లంకల్లోనూ, గట్టు దిగువనా నీటిలో నిలిచిన బండ్లు తరువాత చేతులు మారి ఉండవచ్చు. డిప్‌స్టిక్ మీదగానీ ఆయిల్ మూత లోపలగానీ తెల్లటి చిక్కని నురగ ఉందేమో, సీట్ల పట్టాల కింద ఒండ్రు మిగిలిందేమో చూడండి. మూత కింద కాస్త తెలుపు కనిపించగానే బెదిరిపోనవసరం లేదు. మీలాగా దగ్గర దూరాలే తిరిగే కార్లలో ఇంజను కాగక చెమ్మ ఆవిరై పోదు, అక్కడే పేరుకుంటుంది. ఆ చెమ్మా, సరిగా కాలని డీజిలూ, పొగ మసీ ఆయిల్‌లో కలిసే మడ్డి తయారవుతుంది. రాజోలు దీవిలో పుష్యమాసపు చలికి ఆయిల్ గడ్డకట్టి ఉదయం చప్పుడు వస్తోందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు రంధ్రంలోంచి ఫోనుకు తగిలించే సన్నటి ఎండోస్కోపు కెమెరా దూర్చి చూడవచ్చు. కొన్ని సంపుల్లో అడ్డు రేకు ఉండి జాలీ కనపడదు. కనపడితే సగం సందేహం అక్కడే తీరిపోతుంది.

రాజోలు_దీవి:

అందరికీ ధన్యవాదాలండీ. అమలాపురంలో తెలిసినవారి దగ్గర గేజీ తీసుకుని పెట్టి చూశాను. వేడి మీద ఐడిలింగులో 1.2 బారు ఉంది. 3000 చుట్లకు తీసుకెళ్లి పట్టి ఉంచితే ముల్లు 2.5 దాకా లేచి, అక్కడ నిలవకుండా మెల్లగా జారుతూ ఒకటికి దిగువకు వచ్చింది, అంతటితో ఇంజను ఆపేశాను. వణుకు కూడా కొద్దిగా ఉంది. సంపు అడుగున గీతలున్నాయి గానీ స్ట్రైనరు వైపు సొట్ట లేదు. వరద ఆనవాళ్లు లేవు. కెమెరాలో జాలీ అంచు మాత్రమే కనిపించింది, అంత వరకూ నల్లగా మూసుకుపోయి ఉంది. సంపు దించాలనే నిర్ణయించుకున్నాను. పని వరుస కాస్త వివరంగా చెప్పగలరా?

తణుకు_వర్క్‌షాప్:

మీ గేజీ కథ చదివాక సంపు దించడమే సరైన పని. వృత్తి మెకానిక్‌గా నాకు తెలిసింది రాస్తాను. ముందుగా మీ కారు మోడలుకు సంపు నేరుగా కిందికి వస్తుందా, సైలెన్సర్ ముందు గొట్టంగానీ సబ్‌ఫ్రేమ్ (ఇంజను కింది ఇనుప చట్రం) గానీ అడ్డమా అన్నది కింద పడుకుని చూసి నిర్ధారించుకోండి. సబ్‌ఫ్రేమ్ దించవలసి వస్తే అది ఇంటి పని కాదు, లిఫ్టు ఉన్న షెడ్డుకు ఇచ్చేయండి.

కారును లేపే విషయంలో రాజీ వద్దు. మన వైపు ఇసుక నేలల్లో స్టాండు కాళ్లు దిగబడతాయి కనుక గచ్చు మీదే పని చేయాలి. కారు కింద దూరేటప్పుడు బరువు జాకీ మీద ఉండకూడదు, తగిన బరువు మోసే ఇనుప స్టాండ్ల మీద ఉండాలి. కొబ్బరి దుంగలు, ఇటుకల దొంతరలు పెట్టి కింద దూరిన వాళ్లను చూశాను. దుంగ దొర్లుతుంది, ఇటుక చెప్పకుండా పగులుతుంది. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్యాటరీ నెగెటివ్ తీసేసి, కారును పక్కల నుంచి తోసి కదలదని చూసుకున్నాకే దిగండి.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. దించిన ఆయిల్‌ను పంటకాలువలోకో చెరువు బోదెలోకో పోయకుండా డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ డ్రమ్ము పెట్టుకునే షెడ్డుకు ఇవ్వండి. చెరువులున్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. సంపు బోల్టులు అన్నీ ఒక్కసారి ఊడదీయక, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి, మూలల బోల్టులు చివర తీయండి. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లలో చిన్న బోల్టులు తుప్పుకు విరుగుతాయి కనుక ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఆయిల్ కారకుండా అంచుకు పెట్టే సిలికాన్ గమ్ము అంటిన సంపు లాగినా రాదు. పలుచని పుట్టీ బ్లేడు లోపలికి కొట్టి అంచు వెంట కోసుకుంటూ పోవాలే గాని, స్క్రూడ్రైవరు దూర్చి పైకెత్తకూడదు. అల్యూమినియం ముఖం మీద ఒక్క గాటు పడితే ఇక అక్కడి నుంచి ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

సంపు చేతికి రాగానే కడిగేయకండి. మీ ఇంజను ఏమై ఉందో చెప్పేది అందులో ఉన్న చెత్తే. సంపు అడుగు మడ్డిని వేళ్ల మధ్య రాసి చూడండి. మెత్తగా జారితే అది ఆయిల్ చెడి పేరుకున్న మడ్డి. గరగరలాడితే కాలి గట్టిపడిన మసి. సాగే తీగల్లాంటి ముక్కలుంటే, గతంలో ఎవరో సంపు బిగించినప్పుడు లోపలికి పిండుకొచ్చిన సిలికాన్. ఒక అయస్కాంతాన్ని పలుచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మడ్డిలో తిప్పండి. అంటుకునేది ఇనుము. అంటకుండా ఎండలో మెరిసే రాగి రంగు రేకులు లేదా తెల్లటి రజను కనిపిస్తే బేరింగుల నుంచి వచ్చిందని అనుమానించి, స్ట్రైనరు కడిగి ఊరుకోకుండా బేరింగు క్యాపులు కూడా విప్పి చూడాలి. ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో రబ్బరు పీచు వస్తుంది. అప్పుడు బెల్టు మార్చకుండా జాలీ కడగడం దండగ.

పికప్ గొట్టం సాధారణంగా రెండు మూడు బోల్టులతో ఉంటుంది. విప్పి, దీపానికి ఎదురుగా పెట్టి జాలీలోంచి చూడండి. డీజిల్లో నానబెట్టి, మెత్తటి నైలాన్ బ్రష్షుతో తోమి, కంప్రెసర్ గాలిని ఆయిల్ వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే గొట్టం పంపు వైపు మూతి నుంచి జాలీ వైపుకు కొట్టండి. తీగతో పొడవకండి, జాలీ కన్నం సాగిపోతుంది. కొబ్బరి పీచుతో తోమడం, వేస్టు దారంతో తుడవడం రెండూ వద్దు, వాటి పోగులు జాలీ కన్నాల్లో ఇరుక్కుని మళ్లీ మొదటికొస్తుంది. ఎంత నానబెట్టినా కన్నాలు తెరుచుకోకపోతే, జాలీ అంచు ఎక్కడైనా ఊడితే, కొత్త పికప్ వేయండి. ఇంజను ఖరీదు ముందు అది లెక్కలోకి రాదు.

బిగించేటప్పుడు కొత్త ఓ-రింగు తప్పనిసరి. దానికి కొత్త ఆయిల్ రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టి, బోల్టులు చేత్తో సమంగా దించాకే పానా వేయండి. ఈ 6 మిల్లీమీటర్ల బోల్టులకు బిగింపు చాలా ఇంజన్లలో 10 న్యూటన్ మీటర్ల దరిదాపులో ఉంటుంది. చేతి బలానికి అవి ఇట్టే విరుగుతాయి, టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా) అద్దెకైనా తెచ్చుకోండి. రెండు ముఖాలూ పాత సిలికాన్ లేకుండా గీకి, బ్రేక్ క్లీనరుతో తుడిచి, సుమారు 3 మిల్లీమీటర్ల మందంతో ఎక్కడా తెగని ఒకే గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా సిలికాన్ పెట్టండి. మన వాళ్లకు ట్యూబు సగం పిండితే గాని మనసు ఒప్పదు. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది, ఆ ముక్క ఊడి చేరేది మీరు ఇప్పుడు కడిగిన జాలీకే. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి ఆ తరువాతే ఆయిల్ పోయండి.

ఇంజను స్టార్టు చేసేటప్పుడు తొందర వద్దు. కొత్త ఫిల్టరు మూతి పైకి ఉండే రకమైతే ఆయిల్ నింపి బిగించండి. డీజిల్ అందకుండా దాని సరఫరా ఫ్యూజు తీసి, స్టార్టరును పది సెకండ్ల చొప్పున ఆపి ఆపి తిప్పి, గేజీ ముల్లు లేచాకే ఫ్యూజు పెట్టి స్టార్టు చేయండి. ఖాళీ గొట్టంతో ఇంజను అందుకుంటే మొదటి క్షణాల్లో బేరింగులు పొడిగా తిరుగుతాయి.

రాజోలు_దీవి:

పని పూర్తయిందండీ. మా కారుకు సైలెన్సర్ ముందు గొట్టం ఒకటే అడ్డం వచ్చింది, అది దించాక సంపు వచ్చేసింది. తణుకు_వర్క్‌షాప్ గారు చెప్పినట్టు కడగక ముందు అంతా తెల్ల కాగితం మీద పరిచి చూశాను. అడుగున వేలి మందాన నల్లటి మెత్తటి మడ్డి ఉంది. జాలీ మీద దాదాపు మూడు వంతులు అదే మడ్డి పరుచుకుని, దాన్ని పట్టి ఉంచుతున్నట్టుగా బూడిద రంగు సిలికాన్ పోగులు అల్లుకుని ఉన్నాయి. సంపు లోపలి అంచు వెంట కూడా అదే రంగు సిలికాన్ పొంగి గట్టిపడి ఉంది కనుక, నాకంటే ముందు ఎవరో సంపు దించి బిగించారని తేలింది. అయస్కాంతానికి కాస్త నల్లటి నుసి తప్ప రేకులేమీ అంటలేదు, రాగి రంగు మెరుపూ కనపడలేదు. ఓ-రింగు గోటితో నొక్కినా దిగలేదు, ఒక వైపు చదునై విరిగిపోయేట్టు ఉంది.

జాలీ మూల ఒకచోట కాలిన మసి ఎంతకీ వదలకపోవడంతో రాజమహేంద్రవరం నుంచి కొత్త పికప్ తెప్పించి వేశాను. ఇప్పుడు వేడి మీద ఐడిలింగులో 1.4, 3000 చుట్ల దగ్గర 3.6 బార్లు చూపిస్తూ ముల్లు కదలకుండా నిలుస్తోంది. ఉదయం చప్పుడు స్టార్టు చేసిన వెంటనే ఆగిపోతోంది. ఒక్క సందేహం మిగిలింది. ఇంజను తలకాయ (సిలిండర్ హెడ్) వైపు, టైమింగ్ గొలుసు వైపు పేరుకున్న మడ్డి ఇంకా ఉండే ఉంటుంది కదా, దానికి ఏం చేయాలి?

తణుకు_వర్క్‌షాప్:

ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా వదిలించాలని చూడకండి. మీ మాన్యువల్ చెప్పిన గ్రేడు మంచి ఆయిల్‌లోనే మడ్డిని విడగొట్టి తనలో కలుపుకునే మందులుంటాయి, అవి మెల్లగా వాటి పని చేస్తాయి. ఈ సారి ఆయిల్, ఫిల్టరు రెండూ వెయ్యి కిలోమీటర్లకే మార్చండి, తరువాత ఐదు వేలకు, ఆపైన మాన్యువల్ లెక్కకు రావచ్చు. చెరువుల తిరుగుడు తప్పదు కనుక వారంలో ఒకసారైనా ఇంజను బాగా కాగేటట్టు అరగంట సేపు ఆపకుండా నడపండి. వెయ్యికి దించిన ఫిల్టరును పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. నల్లటి మసి ఒక్కటే ఉంటే ఏమీ అనుకోనవసరం లేదు. రేకులు కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.